కొయ్యగిన్నె కథ – కేటీ తీసుకోవడానికి ఎవరూ రాని ముసలాయన

తెలుగులో పని బాగా వచ్చినవాణ్ణి "చెయ్యి తిరిగినవాడు" అంటాం. వంటకీ అదే మాట, రాతకీ అదే మాట, ఈ మధ్య కోడింగుకి కూడా అదే వాడేస్తున్నాం. ఒకే పని వందసార్లు, వెయ్యిసార్లు చేస్తేగానీ చెయ్యి తిరగదన్న సంగతి ఆ మాటలోనే ఉంది. పుస్తకాలు చదివితే బుర్ర తిరుగుతుందేమో గానీ చెయ్యి తిరగదు :-)

ఈ టపా కొయ్యగిన్నెల గురించి. వాటికీ సాఫ్ట్‌వేర్ వాళ్ళకీ ఏంటి సంబంధం అని ఇప్పుడే అడక్కండి, చివరికొచ్చేసరికి మీకే తెలుస్తుంది. లేత్ మీద కర్రని గిర్రున తిప్పుతూ ఉలితో గిన్నె చెక్కే పని కనీసం రెండున్నర వేల ఏళ్ళ నాటిది. ఆ చరిత్రలో ఇంగ్లండ్ ముక్కంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. ఒక పని ఎలా అందరి ఇళ్ళలోకీ వెళ్తుంది, ఎలా పోతుంది, పోయాక దాన్ని వెనక్కి తేవాలంటే ఎంత కష్టం... ఇవన్నీ అక్కడ ఒక్కచోటే కనిపిస్తాయి.

ముందు మిషన్ సంగతి చెప్పుకుందాం. లేత్ అనగానే మనకి ఆటోనగర్‌లో ఇనుప కడ్డీలు చెక్కే మిషన్ గుర్తొస్తుంది. పాతకాలపు యూరప్ లేత్ అంతకంటే చాలా సాదా యంత్రం. రెండు గుంజలు, వాటికి రెండు మొనలు, ఆ మొనల మధ్య బిగించిన కర్రముక్క. పైన ఒక పొడుగాటి కొమ్మ, స్ప్రింగులా వంగేది. ఆ కొమ్మ చివర్నుంచి తాడు దిగి, కర్రని ఒక చుట్టు చుట్టుకుని, కింద కాలితో తొక్కే బద్దకి కట్టి ఉంటుంది. తొక్కితే కర్ర మనవైపు తిరుగుతుంది. కాలు వదిలితే కొమ్మ తాడుని పైకి లాగి కర్రని వెనక్కి తిప్పుతుంది. అంటే ఉలి తెగేది తొక్కినప్పుడు మాత్రమే, వెనక్కి తిరిగేటప్పుడు ఉలిని కాస్త ఎడంగా పెట్టుకోవాలి. దీన్ని పోల్ లేత్ అంటారు. మన దేశంలో కొమ్మకి బదులు విల్లు వాడేవాళ్ళు, లేకపోతే ఎదురుగా ఒక మనిషి కూర్చుని తాడుని అటూ ఇటూ లాగేవాడు. సూత్రం మాత్రం ఒకటే.

ఈ లేత్ మీద మంచం కోడు చెక్కడం తేలిక. కర్రలో నార పొడుగ్గా ఒకే వైపు ఉంటుంది, పైపైన చెక్కుకుంటూ పోవడమే. గిన్నె అలా కుదరదు. దుంగని నిలువునా రెండుగా చీల్చి, ఆ సగంలోంచి గిన్నె తియ్యాలి. అది తిరుగుతున్నప్పుడు ప్రతి చుట్టులోనూ ఉలికి రెండుసార్లు నార అనుకూలంగా, రెండుసార్లు మొండిగా తగులుతుంది. పైగా లోపలికి తవ్వాలి. తిన్నగా ఉన్న ఉలి ఆ వంపులోకి పోదు. అందుకని చివర కొక్కెంలా వంచిన ఉలి కావాలి. ఆ కొక్కెం ఎంత వంగాలి, పదును ఏ వైపు ఉండాలి, ఉక్కుని ఎంత కాల్చి ఎప్పుడు ముంచాలి, తొక్కుతున్నప్పుడు దాన్ని ఏ కోణంలో ఆనించాలి... గిన్నె పనిలో అసలు గుట్టంతా ఇక్కడుంది.

ఇంకో రెండు విషయాలు. ఒకటి, కర్ర పచ్చిగా ఉండగానే చెక్కాలి. పచ్చి కర్ర మెత్తగా తెగుతుంది. తర్వాత ఆరేటప్పుడు ఒక వైపు ఎక్కువ కుంచించుకుని, గుండ్రటి గిన్నె కొంచెం కోలగా అవుతుంది. రెండు, లోపల తవ్వుకుంటూ పోతే మొన ఆనుకున్న నడిమి భాగం ఒక మొండిలా మిగిలిపోతుంది. చివర్లో దాన్ని విరిచి పారేస్తారు. ఈ మొండిని కాస్త గుర్తుపెట్టుకోండి.

సరే, ఇంగ్లండ్ వెళ్దాం. యార్క్ అనే ఊళ్ళో కాపర్‌గేట్ అని ఒక వీధి ఉంది. పేరు చూసి రాగి గేటు అనుకునేరు. పదో శతాబ్దం ప్రాంతంలో ఆ ఊరు వైకింగుల స్థావరం. వాళ్ళ భాషలో గేట్ అంటే వీధి, ముందున్న మాటకి కప్పులు చేసేవాళ్ళని అర్థం. మొత్తం కలిపి కప్పులవాళ్ళ వీధి. 1976 నుంచి 1981 దాకా అక్కడ పురావస్తు తవ్వకాలు జరిగాయి. ఆ నేల ఎప్పుడూ తడిగా ఉండి, గాలి చొరబడక, మామూలుగా ఐతే కుళ్ళిపోవాల్సిన కర్ర వెయ్యేళ్ళు అలాగే ఉండిపోయింది. గిన్నెలు దొరికాయి, కప్పులు దొరికాయి. వాటికంటే ముఖ్యంగా, ఇందాక చెప్పిన ఆ విరిచి పారేసిన మొండిముక్కలు పెద్ద సంఖ్యలో దొరికాయి. గిన్నెలు ఎక్కడ చేసినా ఎక్కడికైనా పోతాయి. మొండిముక్కలు మాత్రం చెక్కినచోటే పడి ఉంటాయి. సర్వర్ ఎప్పుడో పోయినా లాగ్ ఫైల్స్ మిగిలినట్టన్నమాట. వీధి పేరు అబద్ధం చెప్పలేదని ఆ చెత్తే సాక్ష్యం చెప్పింది.

ఆ రోజుల్లో కొయ్యగిన్నె అలంకారం ఏమీ కాదు. అన్నం గిన్నె అది. మన ఇళ్ళలో మట్టిమూకుడు, రాచ్చిప్ప, కొయ్య మరిగ ఎలాగో వాళ్ళకది అలాగ. తాగే కప్పు, తినే పళ్ళెం, పాలు పోసుకునే గిన్నె, దాదాపు అన్నీ కొయ్యవే. 1545లో ఎనిమిదో హెన్రీ కళ్ళముందే మేరీ రోజ్ అనే యుద్ధనౌక మునిగిపోయింది. 1982లో దాన్ని సముద్రంలోంచి పైకి తీశారు. అందులో నావికులు తిన్న కొయ్యగిన్నెలు, పళ్ళేలు బయటపడ్డాయి. కొన్నిటి మీద ఎవరి గుర్తు వాళ్ళు గీక్కున్నారు. హాస్టల్లో మనం కంచం మీద పేరు కొట్టించుకున్నట్టే! ఐదువందల ఏళ్ళు గడిచినా నా గిన్నె నాదే అన్న ఆ గీత చూస్తే నవ్వూ వస్తుంది, మనసూ ఒకలా అవుతుంది.

డబ్బున్నవాళ్ళకి అప్పుడే అలంకారపు గిన్నెలు కూడా ఉండేవి. మేపుల్ చెట్టు కాండం మీద బుడిపెలా పెరిగే ముడికర్రలో నార సుడులు తిరిగి అందంగా ఉంటుంది. దాన్ని పల్చగా చెక్కి, అంచుకి వెండి తొడుగు వేయించుకునేవాళ్ళు. వీటిని మేజర్లు అనేవాళ్ళు. గమనించాల్సింది ఏంటంటే, ఆ వెండంచు గిన్నెకీ, నావికుడి గిన్నెకీ లేత్ ఒకటే, కొక్కెం ఉలి ఒకటే. రోజూ పదుల కొద్దీ మామూలు గిన్నెలు చేసే చెయ్యే ఎప్పుడో ఒకసారి మేజర్ చేసేది. ఈ పనివాళ్ళ సంఘానికి లండన్‌లో 1604లో రాజుగారి చార్టర్ కూడా వచ్చింది. అంటే గట్టి వృత్తే.

మరి ఎలా పోయింది? ముందు పైనుంచి తగరం కలిపిన ప్యూటర్ పళ్ళేలు వచ్చాయి. తర్వాత కిందనుంచి పింగాణీ లాంటి మెరుగు మట్టిపాత్రలు వచ్చాయి. 1760ల్లో వెడ్జ్‌వుడ్ లాంటివాళ్ళు స్టాఫర్డ్‌షైర్ బట్టీల్లోంచి ఒకే రకం పళ్ళేలు వేల కొద్దీ దింపడం మొదలెట్టాక కొయ్యగిన్నె వంటింట్లోంచి గొడ్లపాకలోకీ, పాలకొట్టంలోకీ జరిగిపోయింది. ఇక్కడొక చిన్న మెలిక ఉంది. కొయ్యగిన్నెల వాళ్ళ పొట్ట కొట్టింది వేగంగా తిరిగే కొత్త లేత్ అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ పనిని ఎవరూ ఆటోమేట్ చెయ్యలేదు. అసలు ఆ అవసరమే ఇంకో దారిలో తీరిపోయింది. పోటీ ఎప్పుడూ మన లైన్లోంచే వస్తుందని చూస్తూ కూర్చుంటే పక్క లైన్లోంచి వచ్చేది కనపడదు.

సామాన్యుడి వంటింట్లో కొయ్యగిన్నె తగ్గిపోతున్న ఆ శతాబ్దాల్లోనే రాజుల కోటల్లో లేత్‌కి మహా వైభోగం నడిచింది. ఇదో చిత్రమైన కథ. పదహారో శతాబ్దంలో సాక్సనీ పాలకుడు ఆగస్ట్ స్వయంగా లేత్ మీద కూర్చుని ఏనుగు దంతం చెక్కేవాడు. రష్యా చక్రవర్తి పీటర్ ది గ్రేట్‌కి రాజమహల్లోనే లేత్‌ల గది ఉండేది, ఆండ్రే నార్తోవ్ అనే మేధావి ఆయనకి యంత్రాలు కట్టిపెట్టేవాడు. 1701లో ఈ విద్య మీద మొట్టమొదటి పెద్ద పుస్తకం ఫ్రాన్స్‌లో వచ్చింది. రాసినాయన చార్లెస్ ప్లుమియే, ఒక సన్యాసి. ఈయన మీకు తెలియకుండానే మీకు తెలుసు. మన గుళ్ళ దగ్గర కనిపించే దేవగన్నేరు చెట్టు ఉంది కదా, దాని శాస్త్రీయ నామం ప్లుమేరియా. ఆ పేరు ఈయనదే. సన్యాసిగారు వృక్షశాస్త్రంలో కూడా దిట్ట.

ఈ రాజుల లేత్‌లలో రోజ్ ఇంజన్ అని ఒక రకం ఉంది. మనలాంటివాళ్ళకి భలే నచ్చే యంత్రం ఇది. మామూలు లేత్‌లో కర్ర తన ఇరుసు మీద కదలకుండా తిరుగుతుంది. ఇందులో ఇరుసుకి పువ్వు రేకుల్లా ఎత్తుపల్లాలున్న ఒక ఇత్తడి చక్రం తగిలిస్తారు. ఆ రేకులకి ఒక మొన ఆనుకుని ఉండటం వల్ల, తిరుగుతున్న కర్ర మొత్తం లయగా అటూ ఇటూ ఊగుతుంది. ఉలి ఉన్నచోటే ఉంటుంది, డిజైన్ మాత్రం గిన్నె అంచు చుట్టూ అల్లుకుంటూ వస్తుంది. చక్రం మారిస్తే డిజైన్ మారిపోతుంది. అంటే చక్రమే ప్రోగ్రామ్! కరెన్సీ నోట్ల మీద తీగలు తీగలుగా అల్లుకుపోయే గీతల డిజైన్లు కూడా ఈ కుటుంబం యంత్రాల్లోంచి పుట్టినవే.

లండన్‌లో హోల్ట్‌జాఫెల్ అనే కంపెనీ 1790ల నుంచి ఇలాంటి అలంకారపు లేత్‌లు తయారుచేసి, ఒక్కోదానికి ఒక్కో నంబరు వేసి, జమీందార్లకీ ప్రభువులకీ అమ్మింది. 1928 దాకా రెండు వేలకి పైగా అమ్మారు. అంతేకాదు, ఆ కుటుంబం వాళ్ళు 1843 నుంచి 1884 మధ్య ఐదు సంపుటాల మాన్యువల్ రాశారు. ఏ కర్ర ఎలా ఉంటుంది, ఏ ఉలికి ఎన్ని డిగ్రీల పదును, ఏ చక్రంతో ఏ డిజైన్ వస్తుంది, అన్నీ పూసగుచ్చినట్టు. డాక్యుమెంటేషన్ అంటే అదీ. మన ప్రాజెక్టుల్లో అందులో పదోవంతు ఉన్నా ఎంత బావుండేదో.

ఇప్పుడు ఇటు చూడండి. అదే దేశం, అదే కాలం. ఒకవైపు ఐదు సంపుటాల మాన్యువల్‌తో దొరల అలంకారపు లేత్. ఇంకోవైపు బర్క్‌షైర్‌లో బకల్‌బరీ అనే పల్లె దగ్గర పాకలో, తాతల కాలం నాటి పోల్ లేత్ తొక్కుకుంటూ జార్జ్ లైలీ. 1869లో పుట్టాడు. ఎల్మ్ అనే చెట్టు మొద్దుల్లోంచి గిన్నెలు చెక్కడం వాళ్ళ ఇంటి పని. చివరికి ఇంగ్లండ్‌లో పోల్ లేత్ మీద గిన్నెలు చెక్కి బతికేవాడు ఆయన ఒక్కడే మిగిలాడు. 1920ల్లో హెచ్.వి. మార్టన్ అనే యాత్రా రచయిత ఆయన్ని వెతుక్కుంటూ వెళ్ళి, 1927లో వచ్చిన తన పుస్తకంలో ఆయన గురించి రాశాక ఆయన పేరు దేశమంతా తెలిసింది. గిన్నెలకి గిరాకీ కూడా ఉండేది. కాకపోతే కొనేవాళ్ళు వాటిలో గంజి తాగడానికి కొనలేదు, బల్ల మీద పెట్టుకుని చూసుకోవడానికి కొన్నారు. పల్లెటూరి అన్నం గిన్నె పట్నం డ్రాయింగ్ రూమ్‌లో షోపీస్ అయింది. గిన్నె మారలేదు, దాని ఉద్యోగం మారింది.

లైలీ ప్రత్యేకత ఒకటి చెప్పాలి. మామూలుగా ఒక మొద్దులోంచి ఒక గిన్నె వస్తుంది, లోపలి కర్రంతా పొట్టు కింద పోతుంది. ఈయన పొడుగ్గా వంగిన ఉలితో మొద్దు లోపల వంపుగా కోసుకుంటూ పోయి, పెద్ద గిన్నె లోపలి భాగాన్ని చెక్కుచెదరకుండా వేరుచేసి, అందులోంచి ఇంకో గిన్నె, దాన్లోంచి ఇంకోటి తీసేవాడు. ఒకే మొద్దులోంచి ఒకదాంట్లో ఒకటి ఇమిడే గిన్నెలు. కర్ర లోపల ఉలి ఎక్కడుందో కంటికి కనపడదు, చేతికి తెలియాలంతే. ఉలి వంపుకీ గిన్నె వంపుకీ లెక్క కాస్త తప్పితే రెండు గిన్నెలూ పోతాయి. హోల్ట్‌జాఫెల్ యంత్రంలో ఉన్న తెలివి ఇత్తడి చక్రంలో ఉంది. ఇక్కడ తెలివి మణికట్టులో ఉంది.

1958లో లైలీ చనిపోయాడు. ఆయన తర్వాత ఆ లేత్ మీద కూర్చునే మనిషి లేడు. లేత్‌నీ ఉలులనీ రీడింగ్‌లో ఉన్న గ్రామీణ జీవన మ్యూజియం వాళ్ళు తీసుకెళ్ళి భద్రపరిచారు.

ఇక్కడ మన బుర్ర వెంటనే "ముసలాయన కేటీ ఇవ్వకుండా పోయాడు" అంటుంది. మన ఆఫీసుల్లో సీనియర్ రాజీనామా చేసినప్పుడల్లా వినే మాటే కదా, నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ సరిగ్గా చెయ్యలేదని. కానీ లైలీని అలా అనడం అన్యాయం అని నా అభిప్రాయం. కేటీ ఇచ్చేవాడు ముప్పై ఏళ్ళు పేరుప్రఖ్యాతులతో అక్కడే కూర్చుని ఉన్నాడు. తీసుకునేవాడు రాలేదు. ఎందుకొస్తాడు? కొయ్యగిన్నె నేర్చుకోవాలంటే ముందు కొన్ని వందల వంకర గిన్నెలు చెయ్యాలి. ఆ వంకర గిన్నెలు కొనడానికి ఒకప్పుడు ఊరంతా ఉండేది, గొడ్లపాకలో దాణా పోసే గిన్నె అందంగా లేకపోయినా పర్వాలేదు కాబట్టి. షోపీస్ కొనేవాడు మాత్రం లైలీ గిన్నెనే కొంటాడు, లైలీ శిష్యుడి మొదటి ఏడాది గిన్నెని కొనడు. మామూలు గిన్నెల బజారు పోయిన రోజే ఆ పనికి బడి మూతపడింది. లైలీ చివరి హెడ్‌మాస్టరు, అంతే.

ఇక రీవర్స్ ఇంజనీరింగ్ దగ్గరికొద్దాం. 1990ల్లో రాబిన్ వుడ్ అనే ఆయన, అడవుల నిర్వహణ పనిలో ఉన్నవాడు, ఈ గిన్నెల మీద పడ్డాడు. నేర్పేవాళ్ళు లేరు. మాన్యువల్ లేదు. ఉన్నదల్లా మ్యూజియంలో లైలీ లేత్, ఆయన ఉలులు, పాత ఫోటోలు, యార్క్ తవ్వకాల్లో దొరికిన లాంటి గిన్నెలూ మొండిముక్కలూ. ఉలులు మ్యూజియంలో భద్రంగానే ఉన్నాయి, కానీ చూస్తే చేతులకి పని రాదు. కొక్కెం ఉలి బజార్లో దొరకదు కాబట్టి ముందు కమ్మరిపని నేర్చుకుని ఎవరి ఉలులు వాళ్ళే చేసుకోవాలి. చేసిన ఉలి సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే గిన్నె చెక్కడం రావాలి. గిన్నె చెక్కడం రావాలంటే సరైన ఉలి ఉండాలి. సర్క్యులర్ డిపెండెన్సీ! ఒక శిష్యుడు పక్కన కూర్చుని తొందరగా పట్టేసే సంగతులని పట్టుకోడానికి ఆయనకి ఏళ్ళు పట్టింది. చివరికి పట్టుకున్నాడు. పోల్ లేత్ మీదే గిన్నెలు చేసి బతికాడు, 2005లో కొయ్యగిన్నెల చరిత్ర మీద పుస్తకం రాశాడు, ఇంకా చాలామందికి నేర్పాడు.

ఆయన పట్టుబట్టిన విషయం ఒకటుంది. నా గిన్నెలు అల్మరాలో పెట్టుకోకండి, వాటిలో తినండి అనేవాడు. అప్పట్లో అది చాదస్తంలా అనిపించి ఉండొచ్చు. నాకైతే అందులో పెద్ద తెలివి కనిపిస్తుంది. తినే గిన్నె అరుగుతుంది, మరక పడుతుంది, పగులుతుంది, ఇంకోటి కొంటారు. ఆ "ఇంకోటి" లోనే కొత్తవాడికి చోటు దొరుకుతుంది.

తర్వాత ఆయన ఇంకొందరితో కలిసి హెరిటేజ్ క్రాఫ్ట్స్ అనే సంస్థ పెట్టాడు. అది 2017లో అంతరించిపోతున్న చేతిపనుల మొదటి జాబితా ప్రకటించింది, పులులకీ రాబందులకీ వేసే జాబితాలాగే. ఆ దేశంలో పూర్తిగా అంతరించిపోయినట్టు అందులో చూపించిన పనుల్లో ఒకటేంటో తెలుసా? చేత్తో క్రికెట్ బంతి కుట్టడం! క్రికెట్ పుట్టిన దేశంలో ఆట ఉంది, డబ్బు ఉంది, బంతి కుట్టే చెయ్యి లేదు.

అలంకారపు గిన్నె మాత్రం ఇరవయ్యో శతాబ్దంలో అమెరికాలో కొత్త జన్మ ఎత్తింది, అదీ కరెంటు లేత్ మీద. 1930ల నుంచి జేమ్స్ ప్రెస్టినీ అనే ఆయన గాజులాగా పల్చటి కొయ్యగిన్నెలు చేశాడు, అవి న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం దాకా వెళ్ళాయి. బాబ్ స్టాక్స్‌డేల్ రెండో ప్రపంచ యుద్ధంలో తుపాకి పట్టనని చెప్పి, అలాంటివాళ్ళని ఉంచిన క్యాంపులో గిన్నెలు చెక్కడం మొదలెట్టాడు. ఎడ్ మౌల్‌థ్రాప్ అనే ఆర్కిటెక్టు పచ్చి కర్ర పగలకుండా రసాయనంలో నానబెట్టి, చాలా పెద్ద గిన్నెలు చేశాడు. 1986లో అక్కడి టర్నర్లకి జాతీయ సంఘం ఏర్పడింది. అనుకరించే గురువు లేకుండా కూడా కళ పుట్టింది కదా, మరి నీ వాదన ఏమైంది అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ స్టాక్స్‌డేల్ సంగతే చూడండి. ఆయన మ్యూజియాల కోసం చేసిన అపురూపమైన గిన్నెల పక్కనే ఏళ్ళ తరబడి షాపుల్లో అమ్మే సలాడ్ గిన్నెలు కూడా చేశాడు. మళ్ళీ అదే! రోజువారీ గిన్నె బియ్యం డబ్బులు ఇస్తుంది, చేతిని కూడా తిప్పుతుంది.

ఇంత దూరం తిరిగాం కాబట్టి ఇంటికి కూడా వద్దాం. అనకాపల్లి జిల్లాలో (2022కి ముందు విశాఖ జిల్లా) వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. మనందరి చిన్నప్పటి లక్కపిడతల ఊరు. పని అదే, కర్రని లేత్ మీద తిప్పి చెక్కడం. కర్ర పేరు అంకుడు, తెల్లగా మెత్తగా ఉంటుంది. వాళ్ళ ప్రత్యేకత రంగు పట్టించే పద్ధతి. రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న బొమ్మకి ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. కుంచె లేదు, ఆరబెట్టడం లేదు. ఎంత ఒత్తాలి, ఎంతసేపు ఆనించాలి అనేది మళ్ళీ చేతికి తెలియాల్సిందే. చిన్న చిన్న గిన్నెలు, కుంకుమ భరిణెలు, పొయ్యి, రోలు, బొంగరం... అన్నీ దాని మీదే.

మధ్యలో ఇక్కడ కూడా ఒక గొలుసు తెగబోయింది. చవకగా దొరికే రసాయన రంగులు వచ్చి, చెట్ల నుంచి తీసే పాత రంగులు మూలపడ్డాయి. బొమ్మలు పిల్లలు నోట్లో పెట్టుకుంటారు కాబట్టి అది చిన్న విషయం కాదు. అదే ఊరికి చెందిన సి.వి. రాజు గారు 1990ల నుంచి ఆ పాత రంగుల మీద పని చేశారు. పసుపు నుంచి పసుపు రంగు, జాఫ్రా గింజల నుంచి నారింజ, నీలిమందు నుంచి నీలం. 2017లో ఏటికొప్పాక బొమ్మలకి జీఐ గుర్తింపు వచ్చింది, 2023లో రాజు గారికి పద్మశ్రీ వచ్చింది, 2025 రిపబ్లిక్ డే పెరేడ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటం ఏటికొప్పాక బొమ్మలదే. చాలా సంతోషం. నిజంగానే గర్వంగా ఉంది.

కానీ లైలీ కథ చదివాక ఈ సంతోషం పక్కనే ఒక చిన్న గుబులు కూడా ఉంటుంది. లైలీకి కూడా పేరొచ్చింది, పుస్తకాలకెక్కాడు, చివరికి మ్యూజియానికెక్కాడు. పేరు రావడం వేరు, పక్కన ఒక కుర్రాడు కూర్చోవడం వేరు. లైలీకి లేనిది ఏటికొప్పాకకి ఉంది: ఇంకా నడుస్తున్న లేత్‌లు, ఊళ్ళో ఆ పని చేసే కుటుంబాలు. రాబిన్ వుడ్‌కి ఏళ్ళు పట్టిన సంగతులు అక్కడ పిల్లలు చూస్తూ చూస్తూ నేర్చుకుంటారు. ఆ పిల్లలు మొదటి ఏడాది చేసే బొంగరం, భరిణె కూడా అమ్ముడుపోతేనే రెండో ఏడాది లేత్ మీద కూర్చుంటారు. అంకుడు కర్ర దొరకడం కష్టమవుతున్న మాట కూడా నిజం. కాబట్టి గొలుసుకి ఒకవైపు చెట్టు కావాలి, ఇంకోవైపు మామూలు భరిణె కొనే మామూలు మనుషులు కావాలి. అవార్డు శకటం మధ్యలో వచ్చే అలంకారం.

ఇప్పుడు అసలు ప్రశ్న, మన గురించి.

ఏఐ వచ్చాక మన దగ్గర ముందుగా యంత్రానికి వెళ్ళిపోతున్నవి ఏవి? చిన్న బగ్గులు, సాదా స్క్రీన్లు, యూనిట్ టెస్టులు, ఒక ఫార్మాట్లోంచి ఇంకో ఫార్మాట్లోకి డేటా మార్చే స్క్రిప్టులు. అంటే మన కొయ్యగిన్నెలు, ఫ్రెషర్లు చెయ్యి తిప్పుకునే పనులు. సీనియర్లందరూ ధీమాగా ఉన్నారు, ఆర్కిటెక్చర్, డిజైన్, ప్రొడక్షన్లో అర్ధరాత్రి పడిపోయిన సిస్టమ్‌ని లేపడం మన వల్లే అవుతుందని. నిజమే, ఇవాళ్టికి అవుతుంది. గిన్నెలో గిన్నె తియ్యడం లైలీ వల్లే అయ్యేది. కానీ ఆయనకి ఆ ఒడుపు వచ్చింది వేల కొద్దీ మామూలు గిన్నెలు చేసినందుకు. మామూలు గిన్నెలు లేని లోకంలో ఆ ఒడుపుకి వారసుడు పుట్టలేదు.

డాక్యుమెంట్లు రాస్తే సరిపోతుంది కదా అంటారు కొందరు. హోల్ట్‌జాఫెల్ వాళ్ళు ఐదు సంపుటాలు రాశారు, వాటి వల్ల ఇవాళ కూడా ఆ పాత యంత్రాలని తిప్పగలిగేవాళ్ళున్నారు, కాదనను. ఎందుకంటే అక్కడ తెలివి చాలావరకు యంత్రంలో ఉంది, యంత్రం గురించి రాయొచ్చు. మణికట్టులో ఉన్న తెలివిని రాయడం కష్టం. మన పనిలో కూడా అలాంటిది ఉంది. లాగ్ చూడగానే "ఇది డేటాబేస్ సమస్య కాదు, నెట్‌వర్క్ సమస్య" అని ఒకాయన అంటాడు. ఎలా తెలిసిందండీ అంటే చెప్పలేడు. చెయ్యి తిరిగింది, అంతే.

కాబట్టి యంత్రం చెయ్యగలిగిన పనంతా యంత్రానికి ఇచ్చెయ్యడం లెక్క ప్రకారం లాభమే అయినా, ఆ లెక్కలో ఒక ఖర్చు రాయడం మర్చిపోతున్నాం. రేపటి సీనియర్‌ని తయారు చేసే ఖర్చు అది. ఇన్నాళ్ళూ ఆ ఖర్చుని మామూలు పని తనలో తానే మోసేసింది, అందుకే అది మనకి కనపడలేదు. ఇకమీదట కావాలని పెట్టుకోవాలి. యంత్రం రెండు నిమిషాల్లో చేసే పనిని ఒక ఫ్రెషర్‌కి రెండు రోజులు ఇచ్చి, పక్కన కూర్చుని, వంకర గిన్నె చెయ్యనివ్వాలి. మేనేజర్లకి ఇది చేదుగా ఉంటుందని తెలుసు. తెగిపోయాక అతకడానికి ఎన్నేళ్ళు పడుతుందో, అది కూడా ఎవరో ఒక పట్టుదల మనిషి దొరికితేనే అని, రాబిన్ వుడ్ కథ చెప్తోంది.

రీడింగ్ మ్యూజియంలో లైలీ లేత్ ఇప్పటికీ ఉంది. దాని తాడు, దాని బద్ద, దాని ఉలులు, అన్నీ ఉన్నాయి. చూడ్డానికి వెళ్ళేవాళ్ళు చాలామందే ఉంటారు. 1958కి ముందు ఒక్కడు, నేర్చుకోడానికి వెళ్ళి ఉంటే సరిపోయేది.